పొరుగువానిపై అర్జీ

(ధ్యానమునకు: యెహెజ్కేలు 34:17-22, లేవీయకాండము 19:15-18)



సంఘకాపరి యింటి అరుగు మీదికి వచ్చు ప్రశ్నలన్నియు వేదాంత ప్రశ్నలు కావు. గట్టు తగాదాలు, పెండ్లి తగాదాలు, అప్పు పత్రములు, పింఛను కాగితములు, వీటి నడుమ ఒక్కొక్కప్పుడు సెమినరీలో ఏ గురువును మాకు నేర్పని ప్రశ్న యొకటి వచ్చి కూర్చుండును. అట్టిది మూడు వేసవుల క్రిందట మా యొద్దకు వచ్చినది. దానిని మేము మొదట సరిగా ఎదుర్కొనలేదు. కావుననే వ్రాయుచున్నాము.

ఆదివారపు ఆరాధన ముగిసి అందరు వెళ్ళిన తరువాత ఒక సహోదరి నిలిచియుండెను. కాలువ చివరి పల్లెలో నుండు కూలి మనిషి. ఒక సీసాతో నీళ్ళు తెచ్చి మా బల్లమీద పెట్టెను. "తాగి చూడండి అయ్యగారూ" అనెను. ఒక్క గుక్క నోట పోసికొని బయటికి వెళ్ళి ఉమ్మివేసితిమి. "ఆ చెరువు తవ్విన కాడ్నుంచీ మా పంపు ఇట్టాగే ఉంది. పప్పు ఉడకట్లేదు. టీ పెడితే పాలు విరిగిపోతున్నాయి. ఎవరికి చెప్పుకోమంటారు?" అని అడిగెను.

అమృతలూరు అని పేరు పెట్టుకొన్న ఊరి చుట్టుపట్ల ఇట్టి నీళ్ళ సీసా పట్టుకొని తిరుగవలసి వచ్చుట మాకే సిగ్గుగా తోచినది.

ఈ ప్రాంతము ఎరుగని పాఠకుల కొరకు రెండు మాటలు. 1855లో విజయవాడ వద్ద కృష్ణకు ఆనకట్ట పూర్తియైన నాటినుండియు, దాని స్థానమున 1957లో ప్రకాశం బ్యారేజి వచ్చిన తరువాతను, మన పశ్చిమ డెల్టా కాలువ నీటిమీదనే బ్రదుకుచున్నది. తెనాలి దాటి రేపల్లె వైపునకును సముద్రము వైపునకును పోయిన కొలది నేలలోని ఉప్పు నీరు పైకి దగ్గరగుచుండును. ఆ ఉప్పు నీటిమీద మంచినీరు పాలమీది మీగడవలె పలుచగా తేలుచుండును. ఆ మీగడనే ఫిల్టరు పాయింట్లతోను చేతిపంపులతోను తోడుకొనుచున్నాము. లోతునకు బోరు దింపినచో ఉప్పు నీరే వచ్చును. రొయ్యకు కావలసినదియు అదియే. మన దేశములో వెనామీ రొయ్య సాగునకు 2009లో అనుమతి వచ్చినది. అది తక్కువ ఉప్పులోను పెరుగు జాతి గనుక, సముద్రమునకు దూరముగా నున్న మాగాణిలోనికి కూడ చెరువులు నడచి వచ్చినవి. నీరు మార్చునప్పుడును, రొయ్య పట్టినప్పుడును ఆ చెరువు నీటిని ఎక్కడికో ఒకచోటికి వదలవలెను. పంట బోదెలోనికి వదలినచో అది క్రింది రైతు చేనికి పోవును. గట్టు సరిగా లేనిచో వదలకయే ఊటగా పక్క పొలములోనికి దిగును. వరి కొంత ఓర్చుకొనును. వరి తరువాత చల్లిన మినుము ఓర్చుకొనదు.

ఆ చెరువు యజమాని బయటివాడైనచో మాకు మాట త్వరగా వచ్చియుండును. ఆయన మన సంఘ సభ్యుడే. ఎనిమిది ఎకరములు కౌలునకు తీసికొని త్రవ్వించెను. అంతకు ముందటి కోతపండుగలో గుడి ప్రహరీగోడకు మంచి మొత్తము వాగ్దానము చేసి, సగము చెల్లించి, మిగిలిన సగము రొయ్య పట్టిన తరువాత ఇచ్చెదననెను. కనుక ఆ సహోదరి అడిగినప్పుడు మా నోట వచ్చిన మాట ఇది: "ప్రార్థన చేద్దామమ్మా." చేసితిమి కూడ. ఆ ప్రార్థన అబద్ధమని అనము. అయితే ఆమె మెట్లు దిగి పోవునప్పుడు సీసాను తిరిగి తీసికొనలేదు. వారమంతయు అది మా బల్లమీదనే ఉండెను.

యెహెజ్కేలు ముప్పది నాలుగవ అధ్యాయముపై మేము ఎన్నో మారులు ప్రసంగించితిమి. మందను మేపక తమ్మును తామే మేపుకొనిన కాపరులను గూర్చి మొదటి భాగమున నున్నది. దేవుడే తన గొఱ్ఱెలను వెదకుట గూర్చి తరువాత నున్నది. పదునేడవ వచనము మొదలు వచ్చు మాటలను మాత్రము మేము త్వరగా దాటి పోవుచుంటిమి. అక్కడ తీర్పు కాపరికిని గొఱ్ఱెకును నడుమ కాదు, గొఱ్ఱెకును గొఱ్ఱెకును నడుమ. బలిసినది ముందు వచ్చి తేటనీరు త్రాగును. అంతటితో పోక మిగిలిన నీటిని కాళ్ళతో కలక చేయును. వెనుక వచ్చిన బక్క గొఱ్ఱె ఆ బురదనే త్రాగవలెను. మొదటి గొఱ్ఱె త్రాగినందుకు ప్రవక్త తప్పు పట్టలేదు, త్రాగి మిగిలినదానిని చెడగొట్టినందుకు పట్టెను. రెండును ఒక్క మందలోనివే! ఒకటి సంఘములోనిది, ఒకటి వెలుపలిది కాదు. ఆ వారము ఈ భాగమును చదివినప్పుడు, తమ్మును తామే మేపుకొనిన కాపరుల మాట దగ్గర మాకు ప్రహరీగోడ జ్ఞాపకము వచ్చినది.

రెండవ ఆదివారము ఆ పల్లెనుండియే డిగ్రీ చదువుచున్న యువకుడొకడు వచ్చెను. అతని చేతిలో ఒక కాగితము, కలెక్టరుగారికి ఆకాశరామన్న ఉత్తరము. చదివితిమి. చెరువులో విషపు మందులు కలుపుచున్నారనియు, వాటివలన పిల్లలు జబ్బు పడుచున్నారనియు, అధికారులందరు లంచము తిన్నారనియు వ్రాసియుండెను. "ఇందులో నీవు కంట చూచినది ఏది నాయనా?" అని అడిగితిమి. కొంతసేపు ఊరకుండి, "అందరూ అనుకుంటున్నారయ్యగారూ" అనెను.

అప్పుడు మాకు నాబోతు జ్ఞాపకము వచ్చెను. రాజులు మొదటి గ్రంథము ఇరువదియొకటవ అధ్యాయములో అతనిని చంపినది కత్తి కాదు, ఫిర్యాదు. చట్ట ప్రకారము సభ కూడిరి, చట్ట ప్రకారము ఇద్దరు సాక్షులు నిలిచిరి, చట్ట ప్రకారము రాళ్ళు రువ్విరి. సాక్ష్యము మాత్రము అబద్ధము. పొరుగువాని పొలము మీద కన్ను వేసినవాడు ప్రభుత్వపు కాగితమును ఎట్లు వాడుకొనగలడో మన పల్లెలలో చూడనివారు ఎవరు? సగము అర్జీలకు వెనుక ఒక గట్టు తగాదా యుండును. అర్జీ పెట్టువాడు మంచివాడు, పెట్టించుకొన్నవాడు చెడ్డవాడు అని ముందే తలంచుటకు వీలులేదు.

అట్లని నోరు మూసికొని కూర్చుండుటకును వీలులేదు. లేవీయకాండము పందొమ్మిదవ అధ్యాయము పదునారవ వచనమును చూడుడి. కొండెములు మోయుచు తిరుగరాదను ఆజ్ఞయు, పొరుగువాని ప్రాణమునకు హాని కలుగుచుండగా ఊరక నిలువరాదను ఆజ్ఞయు ఒక్క వచనములోనే పక్కపక్కన ఉన్నవి. మనము అలవాటుగా మొదటి సగమును పట్టుకొని రెండవదానిని విడిచిపెట్టుచున్నాము. ఏలయనగా "పొరుగువాడు" అనగానే మన కన్ను గట్టు అవతలి ఆసామి మీద పడును. అతనితో తగవు తెచ్చుకొనరాదందుము. బోదె చివర బిందె పట్టుకొని నిలిచిన స్త్రీయు పొరుగుదే గదా! అదే గ్రంథము అయిదవ అధ్యాయము మొదటి వచనము ప్రకారము, తాను చూచినదానిని, ఎరిగినదానిని అడిగినప్పుడు తెలుపనివాడు తానే దోషము మోయును.

ఇక అనుమానము మాట. చూచినది కొంత, అనుకొన్నది కొంత అయినప్పుడు ఏమి చేయవలెను? ద్వితీయోపదేశకాండము పందొమ్మిదవ అధ్యాయములో బాగుగా విచారించు పనిని న్యాయాధిపతులకు అప్పగించియున్నది. సాక్షి తాను చూచినంత మట్టుకే చెప్పవలెను. ఈ భేదము మాకు ఆ దినములలో కొంత నెమ్మది నిచ్చెను. ఈ చెరువు వలననే ఈ పంపు చెడినది అని రుజువు చేయుట ఆ సహోదరి పని కాదు, మా పనియు కాదు. అయితే తెలియనిదానిని తెలిసినట్లు వ్రాయకుండుట మాత్రము మా పనియే.

కనుక ఆమెను పిలిచి మరల అడిగితిమి. రెండు మారులు, వెన్నెల రాత్రి, చెరువు గట్టుమీదుగా లావుపాటి గొట్టము వేసి నీటిని పంట బోదెలోనికి తోడుచుండగా తన కన్నులతో చూచితిననెను. తమ పల్లె పక్క చేలో మినుము తెల్లబారి పోయినది చూపెను. ఆ యువకుని చేత రెండు పంపుల నీళ్ళు పరీక్షకు పంపించితిమి. త్రాగునీటిలో కరిగిన లవణములు లీటరునకు 500 మిల్లీగ్రాములకు మించకుండుట మంచిదనియు, వేరు నీరు దొరకనిచోట 2000 వరకు ఓర్చుకొనవచ్చుననియు మన దేశపు ప్రమాణము. చెరువు దగ్గరి పంపు నీరు ఆ రెండవ హద్దును కూడ దాటినది. అయితే చెరువునకు దూరముగా, పల్లెకు ఆ చివర నున్న పంపు నీరు కూడ మంచిది కాదని తేలినది. యువకుడు నిరుత్సాహపడెను. ఆ రెండవ కాగితమును చూపవద్దనెను. మేము ఒప్పుకొనలేదు. వేసవిలో కాలువ కట్టివేసినప్పుడు మీగడ తరుగును, ఉప్పు పైకి వచ్చును. చెరువు లేకున్నను కొంత చెడియుండును. మనకు అనుకూలమైన కాగితమును చూపి, అనుకూలము కానిదానిని దాచినచో నాబోతు సాక్షులకును మనకును భేదమేమి?

మత్తయి పదునెనిమిదవ అధ్యాయము ప్రకారము ముందు ఒంటరిగా పోయి సహోదరునితో మాటలాడవలెను గదా అని పెద్దలొకరు అనిరి. నిజమే. అయితే ఎవరు పోవలెను? ఆ సహోదరి నాట్లకు, కలుపునకు, కోతకు పోవునది ఆయన చేలకే. ఆయన యింటి గడపలో నిలిచి "నీవు తప్పు చేసితివి" అని ఆమె ఒంటరిగా చెప్పవలెననుట, ప్రభువు మాటను బలవంతునికి గోడగా కట్టుటయే యగును. మేము ఆ వచనమును ఎంత కాలము ఈ విధముగా పేదలకే చదివి వినిపించితిమో తలంచుకొని బాధపడితిమి. ఇది చుండూరు పక్క ప్రాంతము. 1991 ఆగస్టు 6న అక్కడ జరిగిన హత్యలును, 2007లో ప్రత్యేక న్యాయస్థానము వేసిన శిక్షలును, 2014లో హైకోర్టు వాటిని కొట్టివేయుటయు మా పల్లెలలో ఎవరును మరువలేదు. పేరు పెట్టి సాక్ష్యము చెప్పుట అనగా ఏమిటో ఇక్కడి వారికి ఎవరును బోధింపనక్కరలేదు. ఆకాశరామన్న ఉత్తరమును చూచి నవ్వువారు ఇది కూడ తలంచవలెను. పిరికితనము చేత వ్రాయబడునది కొంత, వేరు మార్గము లేక వ్రాయబడునది కొంత.

కావున మేము పోతిమి. ఆయన కుర్చీ వేసి, మంచినీళ్ళిచ్చెను (డబ్బా నీళ్ళు, ఆయన యింట పంపు నీళ్ళు త్రాగరు). విషయము చెప్పితిమి. ఆయన కోపపడలేదు, అదియే మాకు కష్టమాయెను. "అయ్యగారూ, నాకు ఇరవై లక్షల అప్పుంది. వరిలో మిగిలేదేమిటో మీకు తెలీదా? కాగితాలున్నాయి, చూడండి" అని పత్రములు తీసెను. అవి చేపల చెరువునకు ఇచ్చిన అనుమతి పత్రములు. రొయ్య మాట వాటిలో మాకు కనబడలేదు. ఆ సంగతి మృదువుగా అంటిమి. అప్పుడాయన నవ్వి, "మీ ఇంటి వెనక మురుగు ఎక్కడికి పోతోందయ్యగారూ?" అనెను.

తల దించుకొంటిమి. పార్సనేజీ స్నానపు గది నీరును, గుడి వెనుక మరుగుదొడ్డి గుంట పొంగినప్పటి నీరును, ఎన్నియో సంవత్సరములుగా అదే బోదెలో కలియుచున్నవి. ఆ మాట చెప్పి ఆయన మమ్మును ఓడించితినని తలంచెనేమో. కంటిలోని దూలమును గూర్చి మత్తయి ఏడవ అధ్యాయములో నున్నది మాకు తెలియును. అయితే అక్కడ ప్రభువు మాట దూలముతో ముగియలేదు; దూలము తీసివేసికొన్న తరువాత సహోదరుని కంటిలోని నలుసును తీయుటకు తేటగా కనబడునని యున్నది. ఆ వారమే మా అమ్మగారు తన గాజులు తాకట్టు పెట్టిరి. గుంట బాగుచేయించి, ఇంకుడు గుంట త్రవ్వించితిమి. బోదెలోనికి పోవు గొట్టమును మూసివేసి, మరల ఆయన యొద్దకు పోయి చెప్పితిమి. గొట్టము డ్రైను వైపునకు మార్చెదనని మాట యిచ్చెను. మూడు వారములు గడచినవి. గొట్టము మారలేదు.

ఆ మూడు వారములలో మేము ఒక పాత తీర్పు సంగతి చదివితిమి. తమిళనాడులో ఎస్. జగన్నాథన్ అను వృద్ధ సర్వోదయ నాయకుడు తీరప్రాంతపు రొయ్యల చెరువులను గూర్చి తన పేరుతోనే సుప్రీంకోర్టునకు పోయెను. 1996 డిసెంబరు 11న తీర్పు వచ్చినది. తీర నియంత్రణ పరిధిలోని చెరువులను, సంప్రదాయ పద్ధతి వాటిని తప్ప, తీసివేయవలెననియు, పంట భూములను చెరువులుగా మార్చరాదనియు, చెడగొట్టినవాడే నష్టము చెల్లించవలెననియు న్యాయస్థానము ఆజ్ఞాపించెను. ఆ చివరి మాట మోషే ధర్మశాస్త్రమునకు కొత్తది కాదు. ఒకడు అంటించిన నిప్పు ముళ్ళకంపలకు తగిలి పొరుగువాని పనలను కాల్చినచో, అంటించినవాడే అచ్చుకొనవలెనని నిర్గమకాండము ఇరువది రెండవ అధ్యాయములో నున్నది. కావలెనని కాల్చెనా అని అక్కడ అడుగలేదు. (కోత తరువాత గడ్డికి నిప్పు పెట్టు మన రైతు సహోదరులు ఈ వచనమును ఒకమారు చదువుదురు గాక.) అయితే ఆ తీర్పులో మమ్మును ఎక్కువగా ఆకర్షించినది వేరొక సంగతి. మూతపడు చెరువులలో పనిచేయు కూలీలకు పరిహారము ఇవ్వవలెనని కూడ న్యాయమూర్తులు వ్రాసిరి.

తరువాత 2005లో తీరప్రాంత ఆక్వాకల్చర్ అథారిటీ చట్టము వచ్చి, నమోదు చేయించుకొని నియమములకు లోబడి సాగు చేయుటకు మార్గము కల్పించెను. 2020లో మన రాష్ట్రము కూడ ఆక్వా సాగునకు లైసెన్సు ఉండవలెనని చట్టము చేసెను. అనగా రొయ్య పెంచుట నేరము కాదు. ఆయన అప్పు కూడ అబద్ధము కాదు.

కూలీల సంగతి ఎందుకు చెప్పితిమనగా, ఆ చెరువులో మేత చల్లు ఇద్దరు కుఱ్ఱవాండ్రు అదే పల్లెవారు. 2006లో కొల్లేటిలో చెరువు గట్లను ప్రేల్చివేసినప్పుడు, పెట్టుబడి పెట్టినవారితో బాటు ఆ గట్లమీద కూలి చేసికొని బ్రదుకువారును నష్టపడిరి. సరస్సును కాపాడవలసినదే, ఆ మాటకు మేము ఎదురు చెప్పము. అయితే చెరువు మూయుడని వ్రాయుటకు మా చేయి ఆడలేదు. పంట బోదెలోనికి నీరు వదలకుండ చూడుడి, పంపుల నీరు పరీక్షించుడి, అనుమతి దేనికి ఉన్నదో విచారించుడి అని మాత్రము వ్రాసితిమి. తేదీలు వేసి, చూచినది చూచినట్లు, రెండు పరీక్ష కాగితములును జతచేసి, పది పంక్తుల అర్జీ. మొదట మా సంతకము, తరువాత యువకునిది. ఆ సహోదరి వేలిముద్ర వేసెదననెను. వద్దంటిమి. "నేను చూసింది మీరెట్టా చెబుతారయ్యగారూ?" అని అడిగి, వేసెను.

సోమవారము కలెక్టరు కార్యాలయములో ఇచ్చుటకు ముందు, శనివారము సాయంకాలము ఆయన యింటికి పోయి ఆ కాగితమును చదివి వినిపించితిమి. ఇది బుద్ధిహీనత యని కొందరనిరి. కావచ్చును. వెనుకనుండి ఎవరు పొడిచితిరని ఆయన జీవితకాలము వెదకుచు, పల్లెలో ఒక్కొక్కరిని అనుమానించుట కంటె, మా ముఖము చూచి తిట్టుట మేలని తోచినది. ఆయన తిట్టెను. మా ఇద్దరి నడుమ జరిగిన మాటలన్నియు ఇక్కడ వ్రాయము.

అధికారులు ఇరువురు నెల తరువాత వచ్చి చూచిరి. బోదెలోనికి వేసిన గొట్టము తీయించిరి. అనుమతి విషయమై నోటీసు ఇచ్చిరట. ఆ సంవత్సరము పక్క చేలో మినుము కొంత మేలుగా వచ్చినది. చేతిపంపు నీరు మారలేదు. నేలలోనికి దిగిన ఉప్పు గొట్టము తీసినంత మాత్రమున తిరిగి రాదు. వారమునకు రెండు మారులు పల్లెకు నీళ్ళ ట్యాంకరు వచ్చుచున్నది.

ఆ సహోదరికి ఆయన చేలలో రెండు సీజనులు పని లేదు. ఈ సంగతి మేము ముందే ఎరిగియుండవలసినది, దానికి ఏర్పాటు చేయవలసినది. చేయలేదు. సంఘపు స్త్రీల సమాజము ఆమెకు ఒక గేదె కొనిపెట్టినది, అది మా ఆలోచన కాదు, వారిదే. ఆయన ఆరు నెలలు ఆరాధనకు రాలేదు. తరువాత క్రిస్మసునాడు వచ్చి వెనుక బల్లమీద కూర్చుండెను. ఇప్పుడు వచ్చుచున్నాడు. బల్లారాధనలో ఆయనయు ఆమెయు ఒక్క వరుసలో మోకాళ్ళూనిన దినము ఇంకను రాలేదు. ప్రహరీగోడ సగము కట్టి ఆగియున్నది. మొన్న యువకుడు మరల ఆ రెండు పంపుల నీళ్ళను పరీక్షకు పంపెను. కాగితము రావలసియున్నది.